మాంటిచెల్లో చూసి అటునుంచటే వచ్చేయకండి, ఇంకో ఇల్లుంది

ముందే చెప్పేస్తున్నా, ఇది ఒక్క టూర్ గురించి కాదు, రెండు టూర్లకి కలిపి రాస్తున్న రివ్యూ. ఒకటి వర్జీనియాలో షార్లట్స్‌విల్ పక్కన కొండ మీదున్న అమెరికా మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ ఇల్లు మాంటిచెల్లో. రెండోది అక్కణ్ణుంచి సుమారు 30 మైళ్ళ దూరంలో, ఆరెంజ్ అనే చిన్న ఊరి దగ్గరున్న ఆయన స్నేహితుడు, ఆయన తర్వాత అధ్యక్షుడైన జేమ్స్ మాడిసన్ ఇల్లు మాంట్‌పీలియర్. మొదటిదానికి జనం బస్సుల్లో దిగుతారు. రెండోదాని దగ్గర మేం వెళ్ళిన రోజు మా గుంపులో తొమ్మిది మందిమే ఉన్నాం, అందులో ముగ్గురం మేమే. నా తీర్పు ఏంటంటే రెండూ చూడండి, ముందు పెద్దదీ తర్వాత చిన్నదీ. ఒక్కదానికే టైముంటే మాత్రం ఏది చూడాలో కింద చెప్తాను, చాలామందికి నచ్చకపోవచ్చు.

వాషింగ్టన్ డీసీ దగ్గరి ఆష్‌బర్న్ చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్ళకి, ఊర్నుంచి అమ్మానాన్నలొస్తే తిప్పే లిస్టు ఒకటుంటుంది కదా: వైట్‌హౌస్ ముందు ఫొటో, లింకన్ మెమోరియల్, లూరే గుహలు, లాంగ్ వీకెండొస్తే నయాగరా, ఆదివారం గుడి. మా నాన్న ఆ లిస్టంతా రెండు వారాల్లో ముగించేసి, "జెఫర్సన్ ఇల్లు ఇక్కడే ఎక్కడో ఉండాలి కదరా" అన్నారు. ఆయన తెనాలి దగ్గర హైస్కూల్లో 31 ఏళ్ళు సోషల్ చెప్పి రిటైరయ్యారు. 1776, స్వాతంత్ర్య ప్రకటన, రాసింది జెఫర్సన్ అని ఏడాదికోసారి బోర్డు మీద రాసిన మనిషి. అమ్మకి వీటిమీద పెద్ద ఆసక్తి లేదు, కానీ కార్లో పులిహోర తీసుకెళ్దాం అంటే ఎక్కడికైనా వస్తుంది.

మాంటిచెల్లోలో కారు కిందే పెట్టేస్తాం, పైకి షటిల్ బస్సులో తీసుకెళ్తారు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి ఇది పెద్ద వరం. ఇల్లు చూడగానే అమ్మ పర్సులోంచి అయిదు సెంట్ల నాణెం తీసి, ఒక కన్ను మూసి, దాన్ని ఇంటికి అడ్డంగా పట్టుకుని చూసింది. అవును, నాణెం మీదున్నది ఈ ఇల్లే. "స్తంభాలు సరిపోయాయి" అని సర్టిఫికెట్ ఇచ్చింది.

లోపల హాల్లో పెద్ద గడియారం దగ్గర మేం చాలాసేపు ఆగిపోయాం. దాన్ని నడిపే బరువులు ఫిరంగి గుండ్లలా ఉంటాయి, తాళ్ళకి వేలాడుతూ గోడ పక్కనే దిగుతుంటాయి, గోడ మీద వారాల పేర్లు రాసి ఉంటాయి, గుండు ఏ పేరు దగ్గరికి దిగితే ఆ రోజు ఆ వారం అన్నమాట. అయితే గోడ ఎత్తు చాల్లేదు. శనివారానికి చోటు లేదు. మామూలు మనిషైతే గడియారం మార్చేవాడు, ఈయన నేలకి కన్నం పెట్టించాడు. శనివారం కింద నేలమాళిగలో ఉంటుంది! నాన్న ఒంగి ఆ కన్నంలోకి చూస్తూ "ఇలాంటివాడితో పనిచేసినవాడికి ఎంత ఓపిక ఉండాలి" అన్నారు. ఆ ఓపిక ఎవరిదో ఇంకో పది నిమిషాల్లో తెలిసింది.

ఎనిమిది మూలల గది ఒకటి చూపిస్తారు. గోడలో గూడులా కట్టిన మంచం, గోడలకి పందిరి అల్లిక లాంటి డిజైనున్న కాగితం. ఇది మాడిసన్ గది అన్నాడు గైడ్. మాడిసన్, ఆయన భార్య డాలీ ఎన్నిసార్లొచ్చి ఉండేవాళ్ళంటే గదికి ఆయన పేరే ఉండిపోయింది. మన ఇళ్ళల్లో "అది బాబాయ్ మంచం" అన్నట్టు. నాన్న అక్కడ పట్టేశారు. గైడ్‌ని వరుసగా అడగడం మొదలుపెట్టారు, నేను మధ్యలో తర్జుమా, వెనకున్నవాళ్ళు పాపం ఓపిగ్గా నిలబడ్డారు. గైడ్ మాత్రం ఒక్కదానికీ విసుక్కోలేదు, అందుకే ఈ టూర్‌కి పూర్తి మార్కులు.

ఆ గదిలోనూ, రాత్రి మేం చదువుకున్నదాంట్లోనూ తెలిసిందంతా కలిపి చెప్తాను. ఇద్దరికీ ఎనిమిదేళ్ళ తేడా. జెఫర్సన్ ఆరడుగుల రెండంగుళాలు, మాడిసన్ అయిదడుగుల నాలుగంగుళాలు, అదీ బక్కపలచగా, ఎప్పుడూ ఏదో ఒక జబ్బుతో. 1776లో విలియమ్స్‌బర్గ్‌లో వర్జీనియా శాసనసభలో పరిచయం, 1779లో జెఫర్సన్ గవర్నరయ్యాక మాడిసన్ ఆ గవర్నర్ మండలిలో సభ్యుడు, అక్కణ్ణుంచి జెఫర్సన్ పోయిన 1826 జులై 4 దాకా విడిపోలేదు. మధ్యలో ఒక యుద్ధం, ఒక రాజ్యాంగం, ఫ్రాన్సులో ఒక విప్లవం, ఇద్దరికీ చెరి రెండుసార్లు అధ్యక్ష పదవి. ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాలు 1,200 పైచిలుకు. ఇప్పుడా ఉత్తరాలన్నీ అమెరికా నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ళ ఫౌండర్స్ ఆన్‌లైన్ సైట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. టూర్‌కి వెళ్ళేముందు ఓ నాలుగైనా చదివి వెళ్ళండి, మేం వెళ్ళొచ్చాక చదివాం, అదే తప్పు చేశాం.

ఎందుకంటే ఆ రాత్రి మోటెల్లో నిద్రపోనిచ్చే పరిస్థితి లేదు. పేరు చెప్పను, అది షార్లట్స్‌విల్‌లో కూడా కాదు, దార్లో దొరికింది. ఏసీ వేస్తే ట్రాక్టర్ స్టార్టయినట్టు సౌండ్, ఆపేస్తే ఉక్క. సరేలెమ్మని నాన్నా నేనూ ఫోన్లో ఆ ఉత్తరాలు తెరిచాం. రాజ్యాంగం, హక్కులు ఇలాంటివే ఉంటాయనుకున్నా. ఉన్నాయి. కానీ 1784 ఫిబ్రవరి ఉత్తరంలో జెఫర్సన్ ఏం రాశాడో చూడండి: మన్రో (ఇద్దరికీ స్నేహితుడు, తర్వాత ఆయనా అధ్యక్షుడే) మా పక్కనే స్థలం కొంటున్నాడు, నువ్వు కూడా వచ్చేస్తే ఎంత బావుంటుంది, మాకు రెండు మైళ్ళలోపే 140 ఎకరాలు అమ్మకానికుంది, ఇల్లు అంతంతమాత్రమే గానీ నేల మంచిది. ఇది చదివి నాకు నవ్వాగలేదు. మన గ్రూపుల్లో "మా కమ్యూనిటీలోనే ఇంకో ఇల్లు లిస్టింగ్‌కొచ్చింది, త్వరగా చూడు" అని మెసేజ్ పెట్టే స్నేహితుడు అచ్చం ఇంతే. మాడిసన్ కొనలేదు, తండ్రి పొలం వదిలి రాలేదు. 1791లో ఫిలడెల్ఫియాలో జెఫర్సన్ మళ్ళీ పిలిచాడు, మా ఇంట్లో నాలుగు గదులున్నాయి, నీకేది నచ్చితే అది తీసుకో అని. అప్పుడూ రాలేదు. పక్కనే ఉండకపోవడం వల్లే యాభై ఏళ్ళు నిలిచిందని అమ్మ అభిప్రాయం, మంచం మీంచి, కళ్ళు మూసుకునే.

1784లోనే జెఫర్సన్ పారిస్ వెళ్ళాడు, దూతగా అయిదేళ్ళు. మాడిసన్ ఇక్కణ్ణుంచి అడిగేది ఒక్కటే, పుస్తకాలు. పాతకాలం నుంచి ఇప్పటిదాకా కొన్ని రాజ్యాలు కలిసి ఒక సమాఖ్యగా ఏర్పడినప్పుడు అవి ఎందుకు నిలిచాయి, ఎందుకు కూలాయి, దానిమీద ఏం దొరికితే అది పంపమన్నాడు. పెట్టెలు పెట్టెలుగా వచ్చాయి, ఓడలో. పుస్తకాలతో పాటు, భాస్వరంతో వెలిగే పుల్లలు, నడిచిన దూరం కొలిచే యంత్రం లాంటి వింతలు కూడా. ఖర్చంతా ఇద్దరూ పైసాతో సహా లెక్క రాసుకునేవాళ్ళు. బదులుగా మాడిసన్ పంపినవాటిలో నాకు బాగా నచ్చింది వీజిల్ కొలతలు. వీజిలంటే మన ముంగిసలా సన్నగా పొడుగ్గా ఉండే చిన్న జంతువు. అమెరికాలో జంతువులు కూడా ఐరోపా వాటికంటే చిన్నవీ నాసివీ అని బఫన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త రాస్తే జెఫర్సన్‌కి మండింది, రుజువులు కావాలన్నాడు. మాడిసన్ ఒక వీజిల్‌ని పట్టించి, ముక్కు నుంచి తోక దాకా, చెవుల వెడల్పు, కాళ్ళ పొడవు అన్నీ స్కేలు పెట్టి కొలిచి 1786 జూన్‌లో పారిస్‌కి రాసి పంపాడు. వచ్చే ఏడాది రాజ్యాంగం రాయబోయే మనిషి! ఏ స్నేహితుడి కోసం మీరు ముంగిస చెవులు కొలుస్తారు?

మర్నాడు పొద్దున్నే మాంట్‌పీలియర్. షార్లట్స్‌విల్ నుంచి 20వ నంబర్ రోడ్డు, దాని పేరే కాన్‌స్టిట్యూషన్ హైవే, గుర్రాల పొలాల మధ్య నుంచి పోతుంది, ఫోన్ సిగ్నల్ అక్కడక్కడా పోతుంది కాబట్టి మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

ఈ ఇల్లు మొదట చూస్తే మాంటిచెల్లోలా కట్టిపడేయదు. కానీ దీని కథ మన వాళ్ళకి బాగా ఎక్కుతుంది. మాడిసన్ పెళ్ళి చేసుకుని భార్యతో తిరిగొచ్చేసరికి ఇంట్లో అమ్మా నాన్నా ఉన్నారు. ఏం చేశాడు? అదే ఇంటికి పక్కనే ఇంకో ఇల్లు అతికించి కట్టాడు. పైకి ఒకటే ఇల్లు, లోపల రెండు కాపురాలు, కింది అంతస్తులో ఇటునుంచి అటు దారి కూడా లేదు, వంటిళ్ళు కూడా విడివిడిగా. తల్లి నెల్లీ తన భాగంలో తన పద్ధతిలో 97 ఏళ్ళ వయసు దాకా బతికింది. అమ్మ అప్పటిదాకా బెంచీల మీద కూర్చోవడానికే చూసింది, ఇక్కడ మాత్రం గైడ్ పక్కకి వెళ్ళి నిలబడి రెండో వంటిల్లు ఎక్కడో చూపించమంది. తర్వాత అధ్యక్షుడయ్యాక మాడిసన్ ఇంటిని మళ్ళీ పెంచినప్పుడు, మాంటిచెల్లో కట్టిన వడ్రంగులు డిన్‌స్‌మోర్, నీల్సన్‌లనే ఇక్కడ పెట్టుకున్నాడు. నేస్తం మేస్త్రీలే.

తర్వాతి యజమానులు ఈ ఇంటికి ఎన్నో గదులు తగిలించారు. 2003 నుంచి 2008 దాకా పనిచేసి అవన్నీ తీసేసి మాడిసన్ కాలం నాటి రూపానికి తెచ్చారు. అందుకే సామాను తక్కువ, గదులు కాస్త బోసిగా ఉంటాయి. ఇది లోపమే అనుకుంటారు కొందరు, నాకు నచ్చింది, ఎందుకంటే మేడమీద లైబ్రరీ గదిలోకి వెళ్ళినప్పుడు చూడ్డానికి వేరే ఏమీ ఉండదు, కిటికీలోంచి దూరంగా బ్లూ రిడ్జ్ కొండలు తప్ప. పారిస్ నుంచి వచ్చిన ఆ పుస్తకాలు ముందేసుకుని ఆయన గ్రీకు కూటములు, స్విస్ కూటములు ఎక్కడ బెడిసికొట్టాయో నోట్సు రాసుకున్నది ఈ ఇంట్లోనే, 1787లో ఫిలడెల్ఫియాలో రాజ్యాంగ సభకి వెళ్ళింది ఆ నోట్సుతోనే. పుస్తకాలు కొని పంపినాయన సభలో లేడు, సముద్రానికి అవతల ఉన్నాడు. రాజ్యాంగం చేతికొచ్చాక డిసెంబర్‌లో జవాబు రాశాడు: చాలావరకు బావుంది, కానీ హక్కుల జాబితా ఏదీ? మాడిసన్‌కి మొదట్లో అది అవసరం అనిపించలేదు. రెండేళ్ళు ఉత్తరాల మీద ఉత్తరాలు, బయట జనం ఒత్తిడి కూడా తోడైంది, చివరికి 1789 జూన్ 8న సవరణలు ప్రతినిధుల సభలో పెట్టింది మాడిసనే.

ఎప్పుడూ మాడిసనే తలొంచేవాడనుకోకండి. అదే 1789 సెప్టెంబర్‌లో, పారిస్‌లో విప్లవం కళ్ళముందు చూస్తూ, జెఫర్సన్ ఊపు మీద ఒక ఉత్తరం రాశాడు. భూమి బతికున్నవాళ్ళదే, చచ్చిపోయినవాళ్ళకి దానిమీద ఏ అధికారమూ లేదు, కాబట్టి ప్రతి చట్టం, ప్రతి అప్పు ఒక తరంతో తీరిపోవాలి అని. తరం అంటే ఎంత? మరణాల పట్టికలు పెట్టుకుని లెక్క కట్టి 19 ఏళ్ళు అని తేల్చాడు! నేలకి కన్నం పెట్టించిన మనిషే, గుర్తుందా. మాడిసన్ 1790 ఫిబ్రవరిలో జవాబిచ్చాడు. ఎంత మర్యాదగా అంటే, ముందు ఆలోచన గొప్పదే అని మెచ్చుకుని, తర్వాత ఒక్కో ఇటుకా తీసుకుంటూ పోయాడు: చచ్చిపోయినవాళ్ళు చేసి వెళ్ళిన మేలు వల్ల బతికున్నవాళ్ళు లాభపడుతున్నప్పుడు ఆ రుణం కూడా వీళ్ళదే కదా, 19 ఏళ్ళకోసారి అన్నీ రద్దయితే మధ్యలో ఎవడు ఎవణ్ణి నమ్ముతాడు? చివరికి ఆ ప్రతిపాదన ఎక్కడికీ పోలేదు, స్నేహానికి గీత కూడా పడలేదు. నాన్న దీన్ని రెండుసార్లు చదివించుకుని, "తండ్రి కట్టిన ఇంట్లో ఉంటూ తండ్రి చేసిన అప్పు నాది కాదంటే ఊళ్ళో ఒప్పుకుంటారా?" అన్నారు. మాడిసన్ పార్టీ అన్నమాట. నేను మొదట జెఫర్సన్ పార్టీయే, హోమ్ లోన్ ఉన్న ఎవడైనా అంతే.

1790 జూన్‌లో న్యూయార్క్‌లో జెఫర్సన్ ఇంట్లో భోజనానికి వీళ్ళిద్దరూ అప్పటి ఆర్థిక మంత్రి హామిల్టన్‌తో కూర్చుని, రాష్ట్రాల అప్పులు కేంద్రం నెత్తికెత్తుకునేట్టు, రాజధాని పొటోమాక్ నది ఒడ్డుకి, అంటే ఇప్పటి వాషింగ్టన్‌కి, వచ్చేట్టు బేరం కుదుర్చుకున్నారు. ఆష్‌బర్న్‌లో మనం చేసుకుంటున్న కాంట్రాక్టు ఉద్యోగాలన్నీ ఒకరకంగా ఆ భోజనం చలవే. లూసియానా కొనుగోలు అవీ ఇవీ టూర్లో చెప్తారు, ఇక్కడ రాయను.

మాంట్‌పీలియర్‌లో అసలు చూడాల్సింది నేలమాళిగ. అక్కడ బానిసల జీవితం మీద ఎగ్జిబిషన్ ఉంది, 2017లో పెట్టింది. ఒకచోట పాత ఇటుక మీద చిన్న చిన్న గుంటలు కనిపిస్తాయి. పచ్చిగా ఉన్నప్పుడు ఇటుకని తిప్పిన పిల్లల వేళ్ళ గుర్తులవి. బానిసల పిల్లలు. అమ్మ తన చూపుడు వేలు ఆ గుంట పక్కన, తగలకుండా, ఆనించినట్టు పెట్టి చూసింది. సగం కూడా లేదు.

మాంటిచెల్లోలో కూడా ఇది దాచరు, బానిసల ఇళ్ళూ పనిశాలలూ ఉన్న మల్బరీ రో అనే వీధి దగ్గర బానిసల బతుకు గురించీ, జెఫర్సన్ పిల్లల్ని కన్న బానిస స్త్రీ శాలీ హెమింగ్స్ గురించీ విడిగా, వివరంగా చెప్తారు. జెఫర్సన్ జీవితకాలంలో ఆయన కింద బానిసలుగా బతికినవాళ్ళు 600 మందికి పైనే. ఆయన అప్పులతో పోయాడు, 1827 జనవరిలో 130 మందిని వేలానికి పెట్టారు. మాడిసన్ తన వీలునామాలో ఒక్కరికి కూడా విముక్తి రాయలేదు. 50 ఏళ్ళు ప్రతిదానిమీదా వాదించుకున్నవాళ్ళు, ఒకరి తప్పు ఒకరు అంత సున్నితంగా ఎత్తిచూపినవాళ్ళు, ఈ ఒక్క విషయంలో మాత్రం ఇది తప్పని ఇద్దరూ ఒప్పుకుంటూనే ఇద్దరూ వాయిదా వేశారు. స్నేహితుడు కూడా అదే తప్పు చేస్తుంటే మనకి ఎంత ఊరటగా ఉంటుందో! ఆ నేలమాళిగలోనే పాల్ జెన్నింగ్స్ గురించి తెలుసుకోండి. మాంట్‌పీలియర్‌లో బానిసగా పుట్టి మాడిసన్‌కి చివరిదాకా సేవ చేసినవాడు, 1847లో స్వేచ్ఛ సంపాదించుకున్నాడు, తర్వాత డాలీ మాడిసన్ పేదరికంలో ఉన్నప్పుడు తన జేబులోంచి ఆమెకి కొంచెం కొంచెం డబ్బిచ్చి వచ్చేవాడు. ఆ రెండు రోజుల్లో నేను విన్న పేర్లలో నాకు బాగా గుర్తుండిపోయింది ఇదే.

అందుకే చెప్తున్నా, ఒక్కదానికే టైముంటే మాంట్‌పీలియర్‌కే వెళ్ళండి. మాంటిచెల్లో ఫొటోలు మీ జేబులో అయిదు సెంట్ల మీద ఎలాగూ ఉన్నాయి.

ఇక ఉపయోగపడే మాటలు: మాంటిచెల్లోలో కింది అంతస్తు టూర్ పెద్దవాళ్ళకి హాయిగా ఉంటుంది, పై అంతస్తుల టూర్ వద్దు, మెట్లు రెండడుగుల వెడల్పే, నిటారుగా ఉంటాయి. దిగేటప్పుడు షటిల్ ఎక్కకుండా నడిస్తే దార్లో జెఫర్సన్ సమాధి వస్తుంది. రాయి మీద ఆయన కోరుకున్నవి మూడే: స్వాతంత్ర్య ప్రకటన, వర్జీనియా మతస్వేచ్ఛ చట్టం, వర్జీనియా యూనివర్సిటీ. అధ్యక్షుడినన్న మాటే లేదు. అందులో రెండోది ఈయన రాసి వదిలేసి పారిస్ వెళ్తే, 1786లో శాసనసభలో గట్టెక్కించింది మాడిసన్. మూడోదానికి ఈయన తర్వాత రెక్టర్‌గా, అంటే పాలకమండలి అధిపతిగా, కాపలా కాసింది కూడా మాడిసనే. చావుకి కొన్ని నెలల ముందు జెఫర్సన్ రాసిన ఉత్తరంలో "నేను పోయాక నన్ను నువ్వే చూసుకో" అని ఉంటుంది. ఆ యూనివర్సిటీనీ, తన పేరునీ అప్పగించడం అన్నమాట. వీలునామాలో బంగారు పనితనం ఉన్న చేతికర్ర మాడిసన్‌కి రాశాడు. మాడిసన్ ఇంకో పదేళ్ళు బతికి, 1836 జూన్ 28న పోయాడు. జులై 4 దాకా నిలబడేలా మందులిస్తామంటే వద్దన్నాడట.

నాన్న గిఫ్ట్ షాపులో రెండు పోస్టుకార్డులు కొన్నారు. ఒకటి ఆయనకి, ఇంకోటి తెనాలిలో ఉన్న స్నేహితుడికి, మేం బాబాయ్ అని పిలిచే ఆయనకి. వాళ్ళిద్దరూ 1971 నుంచి రోజూ పోట్లాడుకుంటూనే ఉన్నారు. ఏం రాశారో నాకు చూపించలేదు, "ఒరేయ్" అని మొదలైందని మాత్రం స్టాంపు అతికిస్తుంటే కనిపించింది. మూడు వారాలైంది, ఇంకా చేరలేదు. బాబాయ్ రోజూ వాట్సాప్‌లో అడుగుతున్నారు, "ఏం రాశావో ఫొటో తీసి పెట్టచ్చు కదరా" అని. నాన్న పెట్టరట. పారిస్ ఉత్తరానికి రెండు నెలలు ఆగేవాళ్ళు, వీడికేం తొందర అంటున్నారు.